కవచం మరిచిన రాజు

రాజుగారు వస్తున్నారన్న కబురు రాజ్యమంతా పాకింది.

కొలిమి దగ్గర కత్తులు కాచేవాడు సుత్తి పక్కన పెట్టాడు. గనిలో రాళ్లు కొట్టేవాడు పలుగు భుజాన వేసుకున్నాడు. మంత్రాల పుస్తకం చంకన పెట్టుకుని దినుసుల కొట్ల చుట్టూ తిరిగే మాంత్రికులు, పక్కవాడి సంచిలో చెయ్యిపెట్టి బతికే దొంగలు... అందరిదీ ఒకటే దారి. లార్డ్ బ్లాక్‌థార్న్ కోట.

జనం కిక్కిరిసిపోయారు. రాజుగారు దర్శనమిచ్చారు. తలమీద కిరీటం. పేరు లార్డ్ బ్రిటిష్. ఆ రాజ్యానికి ఆయన ఏలిక మాత్రమే కాదు, సృష్టికర్త కూడా. అక్కడి కొండలు, నదులు, పుట్టుకలు, చావులు, చివరికి ఏ మంత్రం చదివితే ఏం జరగాలన్నదీ ఆయనా, ఆయన మనుషులూ రాసిపెట్టినవే.

గుంపులో ఒకడి సంచిలో మంత్రం రాసిన చుట్ట ఒకటి ఉంది. అది వాడి సొంతం కాదు. ఎవరి దగ్గరో కొట్టేసింది.

ఇంకాసేపట్లో అదే రాజుగారి ప్రాణం తీయబోతోంది.

ఇది పేదరాశి పెద్దమ్మ చెప్పిన కథ కాదు. 1997 ఆగస్టులో నిజంగా జరిగింది. కాకపోతే ఆ రాజ్యం కంప్యూటర్ తెర మీదిది. ఆట పేరు ‘అల్టిమా ఆన్‌లైన్’. టెలిఫోను తీగకు మోడెమ్ తగిలించుకుని, ఎక్కడెక్కడి వాళ్లో ఒకే లోకంలోకి దిగి ఆడే ఆట. ఇంకా బజారులోకి రాలేదు, పరీక్ష దశలో ఉంది. కోటలో గుమిగూడిన బొమ్మల వెనక ఎక్కడో ఓ గదిలో, మౌస్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్న మనుషులున్నారు.

హలో అన్నందుకు బ్రిటిష్

లార్డ్ బ్రిటిష్ వేషం కట్టినాయన పేరు రిచర్డ్ గారియట్. 1961లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో పుట్టాడు, టెక్సస్‌లో పెరిగాడు. తండ్రి ఓవెన్ గారియట్ నాసా వ్యోమగామి. 1973లో స్కైలాబ్‌లో దాదాపు రెండు నెలలు ఉండి వచ్చిన మనిషి. అలాంటి ఇంట్లో పిల్లాడికి ఆకాశం పెరటిలాగే అనిపిస్తుంది. తనూ ఎప్పుడో ఒకప్పుడు పైకి వెళ్తాననే అనుకున్నాడు రిచర్డ్. కానీ చిన్నప్పుడే చూపు దెబ్బతింది. కళ్లద్దాలు తప్పవన్నారు. కళ్లద్దాలుంటే నాసా వ్యోమగామివి కాలేవన్నారు. తండ్రి నడిచిన దారి కొడుక్కి అక్కడితో మూసుకుపోయింది.

1977 వేసవిలో ఓక్లహామా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శిబిరానికి వెళ్లాడు. తోటి కుర్రాళ్లు ‘హాయ్’ అంటే ఇతను ‘హలో’ అన్నాడు. ఆ ఒక్క మాటకే ‘బ్రిటిష్’ అని పేరు పెట్టేశారు. ఆ పేరు అలాగే అంటిపెట్టుకుంది.

అదే శిబిరంలో ఇంకోటీ అంటుకుంది. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట పిచ్చి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తీసుకొచ్చిన ఆ ఆటకు కావలసినవి కాగితం, పెన్సిలు, పాచికలు, కబుర్లు చెప్పే నోరు. ఒకడు కథ నడిపిస్తుంటే మిగిలినవాళ్లు యోధుడో, మాంత్రికుడో అయిపోతారు. అందులో మాంత్రికుడి బతుకు చూస్తే జాలేస్తుంది. మొదటి మెట్టు మీద ఉన్నవాడికి రోజుకు ఒక్కటంటే ఒక్క మంత్రం. చదివాడా, మనసులోంచి చెరిగిపోయినట్టే. పుస్తకం తెరిచి మళ్లీ వల్లెవేసుకోవాలి. ఒంటిమీద ఇనుప కవచం ఉండదు. రెండు దెబ్బలు తగిలితే చాలు, పోతాడు. అయినా ఓపిక పట్టి పైమెట్లకు చేరినవాడి ముందు ఏ కత్తీ నిలవదు.

రిచర్డ్ ఆ ఆటను కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకున్నాడు. బళ్లో ఉన్న టెలిటైప్ యంత్రం మీద ఒకటి కాదు, రెండు కాదు, 28 ఆటలు రాశానని తర్వాత లెక్కచెప్పాడు. తెర లేదు, అచ్చయ్యే కాగితమే తెర. ఆఖరిదాన్ని మెరుగుపెట్టి ‘అకలబెత్’ అని పేరుపెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ఊళ్లోని కంప్యూటర్ దుకాణంలో అమ్మాడు. ఓ ప్రచురణ సంస్థ కంట్లో పడింది. 1981లో ‘అల్టిమా’ వచ్చింది. 1983లో తండ్రి, అన్న రాబర్ట్ కూడా చెయ్యివెయ్యగా ‘ఆరిజిన్ సిస్టమ్స్’ సంస్థ పుట్టింది. ఆకాశం దక్కని కుర్రాడు తనకంటూ ఓ లోకం కట్టుకున్నాడు. దానికి తనే రాజయ్యాడు.

అమావాస్య వేరు

ఆ లోకంలో మంత్రం ఊరికే పలకదు.

1985లో వచ్చిన ‘అల్టిమా 4’ ఆడినవాళ్లను అడిగితే చెబుతారు. ఎనిమిది రకాల దినుసులు. గంధకపు బూడిద, వెల్లుల్లి, జిన్సెంగ్, సాలీడు దారం, నెత్తుటి నాచు, నల్లముత్యం, నైట్‌షేడ్, మాండ్రేక్ వేరు. ఏ మంత్రానికి ఏవి కలపాలో తెలుసుకుని ముందే నూరి సిద్ధం చేసుకోవాలి. ఆరు దినుసులు కొట్లో దొరుకుతాయి. నైట్‌షేడ్, మాండ్రేక్ మాత్రం డబ్బు పెట్టినా కొనలేం. ఆ లోకానికి ఇద్దరు చందమామలు. ఇద్దరికీ ఒకేసారి అమావాస్య వచ్చే వేళ చూసుకుని, సరిగ్గా అవి దొరికే చోటే వెతుక్కోవాలి. అమావాస్య నాడు వేరు తవ్వే మన ఊరి మంత్రగాళ్ల కథలు విన్నవాళ్లకు ఇది కొత్తగా ఏమీ ఉండదు.

తర్వాతి ఆటల్లో మంత్రాలకు మాటలూ వచ్చాయి. మన బీజాక్షరాల్లాగే ఒక్కో పలుకుకు ఒక్కో అర్థం. ‘ఇన్’ అంటే సృష్టించు. ‘ఫ్లామ్’ అంటే మంట. ‘గ్రావ్’ అంటే శక్తి. మూడూ కలిపితే ఇన్ ఫ్లామ్ గ్రావ్, నేలమీద వరసగా లేచే అగ్నిగోడ. నల్లముత్యం, సాలీడు దారం, గంధకపు బూడిద దానికి దినుసులు.

‘అల్టిమా ఆన్‌లైన్’లో మంత్రాలు 64. ఎనిమిది మెట్లు, మెట్టుకు ఎనిమిది. అగ్నిగోడది నాలుగో మెట్టు. అక్కడికి చేరాలంటే కింది మంత్రాలు వందలసార్లు చదవాలి. సగంసార్లు తుస్సుమంటాయి. దినుసులు పోతాయి, ఫలితం ఉండదు. మధ్యలో ఎవడైనా ఓ దెబ్బ వేస్తే పలుకు తెగిపోతుంది.

అంత తపస్సు చెయ్యలేనివాడికి ఓ అడ్డదారి ఉంది. మంత్రం రాసిన చుట్ట. స్క్రోల్ అంటారు. దాన్ని విప్పి చదివితే దినుసులు అక్కర్లేదు, అంత సాధనా అక్కర్లేదు. ఒక్కసారి పనిచేసి మాయమైపోతుంది. అది ఎవరు రాశారు, ఎవరు కొన్నారు, ఎవరు దొంగిలించారు? మంత్రానికి ఆ ఆరాలు పట్టవు. పలికినవాడికి పలుకుతుంది.

చావులేని రాజు

లార్డ్ బ్రిటిష్‌ను చంపాలన్న సరదా కొత్తది కాదు. చాలా అల్టిమా ఆటల్లో ఆయన సింహాసనం మీద ఉంటాడు. ఏ కత్తికీ లొంగనట్టు ఉంటాడు. అందుకే చంపాలనిపిస్తుంది. ఆటగాళ్లు కథ పక్కన పెట్టి మరీ కిటుకులు వెతికేవారు. 1992లో వచ్చిన ‘అల్టిమా 7’లో ఆట తయారుచేసినవాళ్లే ఓ కిటుకు దాచారు. మిట్టమధ్యాహ్నం రాజుగారు ఓ గుమ్మం కింద నిలబడినప్పుడు పైనున్న ఫలకాన్ని నొక్కితే అది ఊడి ఆయన నెత్తిన పడుతుంది. అంతే సంగతులు. ఆఫీసు గుమ్మం దగ్గర ఇనుపకమ్మీ ఊడి నిజం గారియట్ తలమీద పడిన సంఘటనకు అది సరదా గుర్తు.

కానీ ఆన్‌లైన్ ఆట సంగతి వేరు. ఇందులో రాజు కోడ్ రాసిన బొమ్మ కాదు. గారియట్ స్వయంగా ఆడిస్తున్న పాత్ర. జనం మధ్యకు వచ్చినప్పుడు ఏ అల్లరీ జరగకూడదని ఆయనకో ఏర్పాటు ఉంది. ఓ స్విచ్ వేస్తే చాలు, ఏ దెబ్బా తగలదు. కర్ణుడి సహజ కవచంలాంటిది. ఒకటే తేడా. కర్ణుడిది పుట్టుకతో వచ్చింది. రాజుగారిది ఆటలోకి దిగిన ప్రతిసారీ మళ్లీ తొడుక్కోవాలి. బయటికి వెళ్లి మళ్లీ వస్తే కవచం ఉండదు. దాన్ని అలాగే తయారుచేశారు.

ఆ రోజు రాజుగారి పర్యటన మొదలైంది. పక్కన లార్డ్ బ్లాక్‌థార్న్. ఆ వేషంలో ఉన్నది ఆట నిర్మాణంలో ముఖ్యుడు స్టార్ లాంగ్. అంతా సవ్యంగా సాగుతుండగా సర్వర్ కుప్పకూలింది. బొమ్మలన్నీ మాయం. కాసేపటికి లేపారు. అందరూ మళ్లీ లోపలికి వచ్చారు. గారియట్ కూడా వచ్చాడు.

స్విచ్ వెయ్యడం మరిచిపోయాడు.

మూడు పలుకులు

గుంపులో ఉన్న దొంగ పేరు రెయిన్జ్. ఆటలోని పేరే అది. మరొకరి సంచిలోంచి కొట్టేసిన అగ్నిగోడ చుట్ట తన దగ్గరుందని తర్వాత అతనే చెప్పుకున్నాడు.

ఆ క్షణంలో అక్కడున్న ఎవరిని అడిగినా ఒకటే చెప్పేవారు. రాజుగారి మీద మంత్రం వెయ్యడమంటే కొండను ఢీకొట్టడమే. ఆయనకేం కాదు. వేసినవాడే పోతాడు.

రెయిన్జ్ చుట్ట విప్పాడు. ఇన్ ఫ్లామ్ గ్రావ్. రాజుగారు నిలబడిన చోట నేలమీంచి మంటలు లేచాయి.

గారియట్ తర్వాత చెప్పుకున్న కథ ప్రకారం, మంట చూడగానే ఒంటికి అలవాటైన భయంతో ఆయన వెనక్కి జరిగాడు. వెంటనే గుర్తొచ్చింది. నేను రాజును కదా, నాకు చావు లేదు కదా. కావాలనే మళ్లీ మంటలోకి అడుగుపెట్టాడు.

లార్డ్ బ్రిటిష్ కుప్పకూలిపోయాడు.

ఇక్కడ ఆగి ఒక సంగతి చూడాలి. ఆ మంటకు నిప్పు పెట్టింది దొంగే. కానీ మంట అంటే ఏమిటో, అందులో నిలబడితే ఎంత ప్రాణం కరగాలో లెక్క రాసింది మాత్రం రాజుగారి సంస్థే. ఆ లెక్క ఆ రోజు తన పని తాను చేసింది. ఎదుట ఉన్నది కుందేలా, కమ్మరా, లోకాన్ని కట్టినవాడా అని చూడలేదు. శివుడిచ్చిన వరం పట్టుకుని భస్మాసురుడు శివుడి నెత్తినే చెయ్యి పెట్టబోయాడు. అక్కడ ఆదుకోవడానికి మోహినీ రూపంలో విష్ణుమూర్తి ఉన్నాడు. ఇక్కడ ఎవరూ లేరు.

రాజుగారిది తప్పయినా కోపం జనం మీదికే మళ్లింది. కోటలో రాక్షసులు ప్రత్యక్షమయ్యారు. అది కూడా మంత్రమే, ఏలికల మంత్రం. దర్శనానికి వచ్చిన పాపానికి, చెయ్యి ఎత్తనివాళ్లు కూడా పిట్టల్లా రాలిపోయారు. ఆ ఆటలో చచ్చినవాడు దయ్యమై తిరుగుతాడు. వాడేం మాట్లాడినా బతికున్నవాళ్లకు ‘ఊఊఓఓ’ అనే కనిపిస్తుంది. ఆ నియమం కూడా రాజుకూ పేదకూ ఒకటే.

శిక్ష ఎవరికి?

రెయిన్జ్ ఖాతాను సంస్థ మూసేసింది. పరీక్షలోంచి గెంటేసింది. ఆటగాళ్లు భగ్గుమన్నారు. రాజును చంపడం ఆటలో వీలైనప్పుడు చంపినవాడి తప్పేముందన్నారు. సంస్థ వేరే కారణం చెప్పింది. హత్యకు కాదు, ఆటలోని లోపాలను అడ్డం పెట్టుకున్నాడని అంతకుముందే అతని మీద ఫిర్యాదులున్నాయి, ఈ గొడవతో అవి బయటపడ్డాయి అంది. నమ్మినవాళ్లు నమ్మారు, లేనివాళ్లు లేదు. జరిగినదంతా మానవ తప్పిదమేనని స్టార్ లాంగ్ మాత్రం దాచకుండా చెప్పాడు.

1997 సెప్టెంబరు 24న ఆట బజారులోకి వచ్చింది. లక్షమందికి పైగా నెలనెలా డబ్బు కట్టి ఆడేంతగా ఎదిగింది. ఆ తర్వాత ఎన్నో ఆన్‌లైన్ లోకాలు, ఎంతోమంది మాంత్రికులు వచ్చారు. కానీ ఈ తరహా ఆటల చరిత్ర చెప్పేటప్పుడు ఆ ఆగస్టు రోజును ఎవరూ దాటెయ్యరు. అన్ని మెట్లూ ఎక్కిన మహామాంత్రికుడు చేసిన పని కాదు కదా అది. మంత్రసాధన లేనివాడు, సొంతం కాని చుట్ట పట్టుకుని చేసింది. ఆ లోకం మీద జనానికి నమ్మకం కుదిరింది అందుకేనేమో. రాజుకు ఒక నియమం, దొంగకు ఒక నియమం ఉండే చోట మంత్రం నేర్చుకోవడానికి ఎవరు అమావాస్యల కోసం ఎదురుచూస్తారు?

రెండో కవచం

ఈ కథకు ఇంకో ముగింపుంది.

కళ్లద్దాల వల్ల ఆకాశం దక్కదన్న మాట గారియట్ మరచిపోలేదు. ఆటలతో సంపాదించిన డబ్బు పోసి, రష్యా రాకెట్‌లో చోటు కొనుక్కున్నాడు. 2008 అక్టోబరు 12న బైకనూర్ నుంచి సోయుజ్ నౌకలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరాడు. తండ్రి తర్వాత అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ కొడుకయ్యాడు.

అక్కడ నౌక ఎక్కేముందు ఓ తంతు ఉంటుంది. సోకోల్ అనే వ్యోమసూట్ తొడిగి, గాలి నింపి, ఎక్కడైనా సన్నగా కారుతోందేమోనని సాంకేతికులు పరీక్షిస్తారు. చేతితొడుగులు, మెడ పట్టీ, అతుకులు అన్నీ చూస్తారు. కవచం తొడుక్కున్నావా లేదా అన్నది లోపలి మనిషి జ్ఞాపకానికి వదిలిపెట్టరు.

పదకొండేళ్ల కింద ఓ స్విచ్ మరిచిపోయిన రాజుగారు ఆ రోజు బుద్ధిగా కూర్చుని అన్నీ చూపించుకున్నారు.