లంఖణం నుండి రసోపవాసం దాకా

పండ్లరసాలతో శరీరశుద్ధి అనే మాట ఇప్పుడు మహానగరాలకే పరిమితం కాలేదు. ఉప్పాడలో జాందానీ నేసే గుంటమగ్గం దగ్గరికీ, పడవలు చేరే ఒడ్డుకూ కూడా సెల్‌ఫోను ద్వారా అదే బోధ వచ్చి చేరుతోంది. అన్నం మాని మూడు రోజులో, ఏడు రోజులో రసాలు మాత్రమే తాగితే ఒంట్లోని విషాలన్నీ కడుక్కుపోతాయని దాని సారాంశం. ఈ బోధ నిన్న పుట్టినది కాదు. దీని పూర్వచరిత్ర తెలిస్తే ఇందులో గింజ ఎంతో, పొల్లు ఎంతో మీరే తూర్పారబట్టుకోగలరు.

లంఖణం పరమౌషధమన్న మాట మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. చరకసంహిత సూత్రస్థానంలో ఇరవై రెండవ అధ్యాయం లంఘనాన్ని ఆరు చికిత్సల్లో ఒకటిగా చెబుతుంది. దాని పక్కనే శరీరాన్ని పోషించే బృంహణాన్నీ చెబుతుంది. బక్కచిక్కినవారికీ, వృద్ధులకూ పోషణే చికిత్స. ఎవరిని పస్తుంచాలి, ఎప్పుడు ఆపాలి అన్నది వైద్యుడు నిర్ణయించేవాడు. పస్తు ముగిశాక మొదట పలుచని గంజి, తరువాత చిక్కని జావ, ఆ పిమ్మటే అన్నం. మన పెద్దలు ‘పథ్యం పెట్టడం’ అన్నది ఈ క్రమాన్నే. తియ్యని రసాలు కడుపునిండా తాగడం ఆనాటి లంఖణంలో లేదు.

ఆ లంఖణం కూడా హద్దు మీరితే హాని చేసేది. టైఫాయిడు రోగిని వారాల తరబడి పస్తుంచడం తూర్పు పడమరలు రెండింటా ఉండేది. 1910 ప్రాంతంలో న్యూయార్కులో వారెన్ కోల్మన్ అనే వైద్యుడు ఈ రోగులకు సమృద్ధిగా ఆహారమిచ్చి, వారు తక్కువగా చిక్కిపోయి త్వరగా కోలుకుంటారని చూపాడు. జ్వరం కండను కరిగిస్తుంది, పస్తు ఆ కరుగుదలను రెట్టిస్తుంది అన్న సత్యం అలా స్థిరపడింది.

‘విషాలు కడగడం’ అన్న భావన ఐరోపా నుండి వచ్చింది. జర్మనీలోని లైప్జిగ్ నగరవాసి లూయీ కూనే, రోగాలన్నింటికీ మూలం శరీరంలో పేరుకున్న అన్యపదార్థమేనని ప్రకటించి, తొట్టిస్నానాలు, మితాహారం బోధించాడు. ఆయన గ్రంథాన్ని 1894 ప్రాంతంలోనే ద్రోణంరాజు వెంకటచలపతి శర్మగారు తెనిగించారు. హిందీ, ఉర్దూ అనువాదాలకన్నా అది ముందే వెలువడింది. అటుపిమ్మట గాంధీజీ ఈ పద్ధతులను ఆదరించడం, 1946లో ఉరులీకాంచన్‌లో ఆశ్రమం నెలకొల్పడం, 1970లో హైదరాబాదులో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఏర్పడడం వల్ల ప్రకృతి చికిత్స తెలుగువారికి ఆత్మీయమైంది.

అదే కాలంలో పారిస్ వైద్యుడు షార్ల్ బుషార్, పెద్దపేగులోని మలం నుండి విషాలు రక్తంలోకి చేరుతున్నాయన్నాడు. లండనులో ఆర్బత్నాట్ లేన్ అనే శస్త్రవైద్యుడు ఆ నమ్మకంతో కొందరికి పెద్దపేగునే కోసి తీసివేశాడు. 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వారెజ్ సూటి ప్రశ్న వేశాడు. మలబద్ధకపు తలనొప్పి విరేచనం కాగానే నిమిషాల్లో తగ్గుతుంది. రక్తంలో విషమే ఉంటే అంత త్వరగా ఎలా తగ్గుతుంది? పేగు ఉబ్బరమే ఆ బాధకు కారణమని ఆయన తేల్చాడు. వైద్యలోకం ఆ సిద్ధాంతాన్ని వదిలేసింది. వ్యాపారం మాత్రం వదలలేదు.

1936లో నార్మన్ వాకర్ పచ్చికూరల రసాలపై పుస్తకం వ్రాశాడు. నిమ్మరసం, మేపుల్ చెట్టు పాకం, మిరపపొడి కలిపిన నీటితో పది రోజులు గడపమన్న స్టాన్లీ బరోస్ గ్రంథం 1976లో వచ్చింది. మన నిమ్మరసం, తేనె దానికి దగ్గరి చుట్టమే. 1943 ఫిబ్రవరిలో గాంధీజీ ఇరవై ఒక్క రోజుల నిరాహారదీక్షలో నీటిలో కొద్దిగా బత్తాయిరసం కలుపుకున్న మాట నిజమే. నీరు గొంతు దిగడానికి చేసిన ఏర్పాటు అది. శుద్ధి కోసం కాదు.

ఇక లాభనష్టాలు తూకం వేద్దాం. రసోపవాసం చేసిన రోజుల్లో నూనెపిండివంటలు, మద్యం, చిరుతిళ్లు ఆగుతాయి. నీరు, విటమిన్ సి, పొటాషియం అందుతాయి. నాలుకపై అదుపు వస్తుంది. ఆరోగ్యవంతునికి ఒకరోజు రసాహారం వల్ల హాని లేదు. ఈ మేలు ఏకాదశి ఉపవాసం వల్లా కలుగుతుంది, ఖర్చు లేకుండానే.

మూడు రోజుల్లో తగ్గే రెండు కిలోల బరువులో అధికభాగం నీరే. కాలేయం, కండరాలలోని గ్లైకోజెన్ నిల్వ కరిగినప్పుడు దానితో ఉన్న నీరు పోతుంది. అన్నం మొదలుపెట్టగానే తిరిగి వస్తుంది. అరవై కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రసాల్లో అవి నామమాత్రం. గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయల చక్కెర లోపలికి పోతుంది, పీచు పిప్పిలో మిగిలిపోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రసంకన్నా పండు తినమనడం ఇందుకే. ఆ మార్గదర్శకాల ప్రకారం చెరకురసంలో 100 మిల్లీలీటర్లకు 13–15 గ్రాముల చక్కెర ఉంటుంది.

అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి. పాలకూర, తోటకూర, బీట్‌రూట్ రసాల్లోని ఆక్సలేటు మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకోవచ్చు. పచ్చని ఆకుల రసంతో ‘శుద్ధి’ చేసుకున్న ఒక అమెరికా మహిళకు మూత్రపిండాలు శాశ్వతంగా దెబ్బతిన్న ఉదంతం 2018లో వైద్యపత్రికలో వచ్చింది. కిడ్నీ జబ్బున్నవారికి మన కోనసీమ కొబ్బరినీళ్లలోని పొటాషియం కూడా గుండె లయను తప్పించగలదు. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్త మరణించారు. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం, ముక్క రుచి చూసి చేదైతే పారవేయమంది, ఇతర రసాలు కలపవద్దంది. దోసకాయ తరిగేటప్పుడు చివర కొరికి చూసే మన అమ్మమ్మల అలవాటు అదే! కాకర రసం కలిపితే ఆ చేదు హెచ్చరిక తెలియకుండా పోతుంది.

అన్నింటికన్నా భయపడవలసినవారు మధుమేహులు. అన్నం మాని గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మాత్రా మాని తియ్యని రసాలు తాగితే అమాంతం పెరగవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ వాడేవారు పస్తుంటే, చక్కెర అంతగా పెరగకుండానే రక్తం ఆమ్లపూరితమయ్యే కీటోఅసిడోసిస్ రావచ్చు. వాంతులు, ఆయాసం, మగత కనిపిస్తే క్షణం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులు, బాలింతలు, వృద్ధులు, ఎండలో చెమటోడ్చి పనిచేసేవారు ఈ ప్రయోగం జోలికి పోరాదు.

మీ మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడుతున్నాయి. కాలేయం అమ్మోనియాను యూరియాగా మార్చి వాటికి అందిస్తోంది. ఈ శుద్ధి మీరు నిద్రపోతున్నా ఆగదు. దానికి మీరు చేయగల సాయం చాలినంత నీరు, నమిలి తినే పండు, పొద్దుగూకాక మితభోజనం. ఒకపూట లంఖణం చేయాలనిపిస్తే చేయండి. మాత్రల విషయం ముందుగా మీ వైద్యునితో మాట్లాడి, గంజితో ముగించండి.