బొంతలు కొనిపెట్టిన 23 ఎకరాలు

మన తండాల్లో, గూడేల్లో ఒకప్పుడు బొంత లేని ఇల్లు ఉండేది కాదు. చిరిగిన చీరలు, పాత పంచెలు పొరలు పొరలుగా పరిచి అవ్వలు కుట్టేవారు. షాపు రగ్గులు వచ్చాక వాటిని మూట గట్టి అటక మీద పడేశాం. అలాంటి బొంతలే కుట్టి, అమ్మి, ఆ డబ్బుతో భూమి కొని, నిలువ నీడ లేని కుటుంబాలకు ఇళ్ల జాగాలు చూపించిన ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లది అమెరికాలోని అలబామా రాష్ట్రం. మనకు చాలా దూరం. కానీ భూమి, ఓటు, అవమానం అనే మాటలు మనకు కొత్తవి కావు కాబట్టి మన పిల్లల కోసం ఈ సంచికలో ఆ చరిత్ర రాస్తున్నాం.

అలబామాలో విల్కాక్స్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడ నది వంపులో, మూడు వైపులా నీళ్లతో గీస్ బెండ్ అనే పల్లె. అక్కడి నల్లజాతి వారి పూర్వీకులు పత్తి తోటల్లో బానిసలు. బానిసత్వం పోయాక కూడా చాలామంది కౌలుదార్లుగానే మిగిలారు. చలికాలంలో చెక్క ఇళ్ల సందుల్లోంచి గాలి కొట్టేది. అందుకే మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంట్లు, ఎరువుల సంచుల గుడ్డ, ఏది దొరికితే అది ముక్కలు చేసి ఆడవాళ్లు బొంతలు కుట్టేవారు. చలి కోసం మొదలైన పనే అయినా ఒక్కొక్కరి చేతిది ఒక్కో పోకడ. తల్లి దగ్గర కూతురు నేర్చుకునేది.

కౌంటీ జనాభాలో నల్లవారే ఎక్కువ. అయినా 1965 మొదట్లో వాళ్లలో ఒక్కరి పేరూ ఓటర్ల జాబితాలో లేదు. పేరు రాయించుకోవాలంటే నదికి అవతల ఉన్న కామ్డెన్‌కు పోవాలి. 1962లో ఆ పడవనే ఆపేశారు. ఇక గంటకు పైగా చుట్టు తిరిగి పోవలసిందే. 1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ ఆ పల్లెకు వచ్చి మాట్లాడారు. ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. చట్టం వచ్చింది సరే, ఓటుకు పేరు రాయించుకున్నవాళ్లను భూస్వాములు ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. కౌలు పోయింది, కూలి పోయింది.

ఆ అన్యాయాల వివరాలు రాసుకోవడానికి ఫ్రాన్సిస్ వాల్టర్ అనే తెల్లజాతి క్రైస్తవ గురువు ఊళ్లు తిరిగేవారు. 1965 డిసెంబరులో ఒక ఇంటి ముందు తీగ మీద ఆరేసిన మూడు బొంతలు ఆయన కంట పడ్డాయి. దగ్గరికి పోతే, తెల్లమనిషిని చూసి ఆ ఇంటావిడ భయంతో పారిపోయింది. అప్పటి పరిస్థితి ఎలా ఉండేదో చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు. తర్వాత ఆయన పది డాలర్ల చొప్పున బొంతలు కొని న్యూయార్క్‌లో వేలం పెట్టించారు. ఈలోగా, 1966 మార్చి 26న, ఆడవాళ్లంతా ఒక చర్చిలో కూడి ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. బీ అంటే నలుగురూ చేరి పని చేసుకోవడం, మన బదులు పని లాంటిదే. ఎస్టెల్ విదర్‌స్పూన్ అనే ఆమె ఏళ్ల తరబడి ఆ సంఘాన్ని నడిపారు.

సంఘానికి నాలుగు డబ్బులు రాగానే వాళ్లు ఆల్బర్టా అనే ఊళ్లో 23 ఎకరాలు కొన్నారు. 1969లో అందులో కుట్టు కేంద్రం కట్టి, అంతకు ముందు ఏడాది హత్యకు గురైన కింగ్ పేరు పెట్టారు. పనికి వచ్చే తల్లుల పిల్లల కోసం ఒక శిశు సంరక్షణ కేంద్రం కూడా నడిపారు. అదే భూమిలో ఎనిమిది జాగాలను, ఓటు వల్ల ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలకు అమ్మారు. ఊరికే ఇవ్వలేదు, అమ్మారు. మాకు బాగా నచ్చింది ఇక్కడే. దానం తీసుకున్నామన్న చిన్నతనం ఆ కుటుంబాలకు లేదు. ఖాళీ చేయమనే హక్కు ఇక ఏ దొరకూ లేదు. 1/70 చట్టం గురించి మన పెద్దలు ఎందుకంత పట్టుదలగా మాట్లాడతారో ఇది చదివితే అర్థమవుతుంది.

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. పెద్ద షాపులకు ఒకే కొలత, ఒకే రంగు, ఒకే నమూనా కావాలి. తన ఇష్టం వచ్చినట్టు కుట్టుకున్న చేతికి అది నచ్చదు, కొందరికి నచ్చలేదు కూడా. 1972లో సియర్స్ కంపెనీ దిండు గలీబుల ఆర్డరు ఇచ్చింది. బొంతలు పక్కకు పోయి గలీబులే పనైపోయింది. కానీ నెల నెలా జీతం వచ్చింది. ఆ కౌంటీలో నల్లజాతి ఆడవాళ్లకు అది మామూలు విషయం కాదు. పాతతరం వెళ్లిపోయాక, 2012లో సంఘం మూతపడింది.

ఆలోగా గీస్ బెండ్ బొంతలు పెద్ద పెద్ద మ్యూజియంల గోడలెక్కాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో పది బిళ్లలు వేసింది. 1962లో ఆపేసిన పడవ కూడా అదే ఏడాది, 44 ఏళ్ల తర్వాత, మళ్లీ నది దాటింది.