‘పాతాళభైరవి’: జానపదమన్న పేరు, అచ్చుకథ మూలం

1951లో విజయా సంస్థ నిర్మించిన ‘పాతాళభైరవి’ని జానపద చిత్రమనడం పరిపాటి. అయితే పింగళి నాగేంద్రరావు రచనకు ఆధారం జనం నోట విన్న కథ కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’. అల్లావుద్దీన్ కథ ఛాయలూ స్పష్టమే. పేదవాడికి రాకుమారిపై ప్రేమ, దూరదేశపు మాంత్రికుడు, కోరినదిచ్చే వస్తువు, అది చేజారగానే మేడతోపాటు రాకుమారి మాయమవడం రెండింటా ఉన్నాయి. అల్లావుద్దీన్ కథ సైతం సిరియా కథకుడు హన్నా దియాబ్ చెప్పగా గాలాన్ ఫ్రెంచి గ్రంథంలోకి చేరినదే.

భేదం ఆ వస్తువు దక్కే తీరులో ఉంది. అల్లావుద్దీనుకు దీపం గుహలో దొరుకుతుంది. దాని మహిమ తర్వాతగానీ తెలియదు. తోటరాముడు తనను బలి ఇవ్వజూసిన నేపాళ మాంత్రికుణ్ణే బలి ఇచ్చి ప్రతిమను పొందుతాడు. దీపానికి యజమాని మారితే చాలు. భైరవికి మూల్యం ముట్టాలి. పరాయి కథను తెలుగు ప్రేక్షకుడికి దగ్గర చేసినది ఈ బలి ఘట్టమే గాని, కోటలూ కత్తియుద్ధాలూ కావు.

నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి 1947లోనే ‘చందమామ’ను ప్రారంభించినవారు. అచ్చులో కథ చెప్పే అలవాటు వారికి కొత్త కాదు. ఆ 1950లలోనే వరంగల్లు జిల్లా దేవనూరుకు చెందిన బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాలపై పరిశోధన సాగించారు. ఆయనకు జానపదమంటే జనం నోట నిలిచినది. సినిమా పరిభాషలో అది రాజులూ మాంత్రికులూ ఉన్న కల్పన. ఈ రెండర్థాలను కలిపి వాడడం వల్లనే చిత్రమూలాల చర్చ తరచు దారి తప్పుతున్నది. సినిమా చూసినవారు తిరిగి చెప్పుకొన్న తోటరాముడి కథ మాత్రం రామరాజు అర్థంలోకే వస్తుంది.