యంత్రముల నీటివాటా

అనంతపురము సీమలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలకు ఆవలనే తన భారమును దించుకొని ఈ పీఠభూమికి రిక్తహస్తములతో వచ్చును. ఈశాన్య ఋతుపవనము తీరభూములను తడిపి, ఇంతదూరము నడచివచ్చులోపలనే అలసిపోవును. ఇట్లు రెండు ఋతుపవనములును చిన్నచూపు చూచిన ఈ నేల యొక్క నీటిచరిత్రను వ్రాసినవారు చెఱువులను గూర్చియు, కాలువలను గూర్చియు, కరవులను గూర్చియు వ్రాసిరి, అది న్యాయమే. పండమేటికి అడ్డముగా విజయనగర రాజుల కాలమున వెలసిన బుక్కరాయసముద్రము మొదలుకొని ధర్మవరపు చెఱువు, బుక్కపట్టణపు చెఱువు వఱకు, మనుష్యునకెంత, పశువునకెంత, పైరునకెంత యను లెక్క ఇచ్చటివారికి పుట్టుకతో వచ్చిన విద్య. కాని నూటయేబది యేండ్లుగా ఈ నీటికి నాలుగవ వాటాదారు ఒకటి కలదు. అది యంత్రము. దాని వాటాను గూర్చి వ్రాసినవారు తక్కువ.

ఆ వాటాను నేడు కన్నులకు కట్టినట్లు చూపు వస్తువు, గాజుపలక వెనుక పారదర్శకములైన గొట్టములలో నీరు తిరుగుచుండగా పనిచేయు కంప్యూటరు. తమ యంత్రమును తామే కూర్చుకొను యువకుల గదులలో ఇది కనబడుచున్నది. దానిని చూచి పెద్దలు, "కరెంటుకు, నీళ్ళకు పొత్తేమిటి నాయనా!" అని బెదరుదురు, కుఱ్ఱవారు, ఇది నిన్నమొన్న విదేశములలో పుట్టిన వింత యనుకొందురు. ఇద్దఱి తలంపును చరిత్రకు సరిపడదు. విద్యుద్యంత్రమును నీట ముంచి నడపుట ఈ సీమ రైతులకు ఏండ్లనాటి అలవాటు. దానికి ముందు నడచిన కథ ఇంకను పాతది.

1871లో మద్రాసు రైల్వేవారి వాయవ్యమార్గము తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు చేరి, బొంబాయి నుండి వచ్చిన దారిని కలిసికొనెను. తరువాతి దశాబ్దములలో మీటరుగేజి దారులు నలువైపుల నుండి వచ్చి కూడుటచే గుంతకల్లు దక్షిణాపథమున పెద్ద కూడలి యయ్యెను. ఆవిరియింజను నీటిని కోరినది చల్లదనమునకు గాదు, బలమునకు. అది త్రాగిన నీరు ఆవిరియై, సిలిండరులో త్రోపుడు పని ముగించుకొని, పొగగొట్టము వెంట ఆకాశమున కలిసిపోవును. మరల స్టేషనులో నీటిస్తంభము క్రింద నిలిచి తొట్టి నింపుకొనిన గాని బండి కదలదు. 1962లో అమెరికా నుండి వచ్చి, 1964 నుండి వారణాసిలో తయారగుచు, గుత్తి షెడ్డునకు సయితము చేరిన ఆల్కో తరగతి డీజిలింజనులలో ఈ మర్యాద మాఱినది. వానిలో నీరు సిలిండరుల చుట్టు తిరిగి, వేడిని మోసికొని రేడియేటరునకు పోయి, పంకాగాలికి దానిని అప్పగించి, మరల సిలిండరుల యొద్దకే వచ్చును. డీజిలు రాకకు రైల్వే చరిత్రకారులు ఇంధనపు లెక్కలు చెప్పుదురు గాక, క్షామసీమలో పుట్టినవానికి ముందుగా కనబడునది నీటిలెక్క: మొదటి యంత్రము నీటిని ఖర్చుచేసినది, రెండవది దాచుకొన్నది.

రైలుదారికి దూరమైన పల్లెలలో ఆవిరియింజనుల కాలమున నీటిని తోడిన యంత్రము కపిల. రెండెద్దులు, ఒక తోలుబాన, దానికొక తొండము, గిలకమీద నడచు మోకు, బావిగట్టు నుండి దిగు వాలుదారి. ఎద్దులు వాలున దిగినపుడు బాన పైకి వచ్చి తొండము గుండ నీటిని తొట్టిలో గ్రుమ్మరించును. ఆ యంత్రమునకు శీతలీకరణ మక్కఱలేదు. ఎద్దులను కొంతసేపు చెట్టునీడను నిలిపిన చాలును. 1946లో పూనాలో కిర్లోస్కరువారి ఆయిలింజనుల సంస్థ వెలసి, ఆ జాతి ఇంజనులు దేశమంతట వ్యాపించిన తరువాత, చెనిక్కాయ ఆడు మిల్లులలోను, బావిగట్లమీదను ఎద్దుల స్థానమును ఇనుము ఆక్రమించెను. ఇనుముతో పాటు వేడి వచ్చెను, వేడితో పాటు నీటివాటా వచ్చెను.

ఆయిలింజను సిలిండరునకు రెండు గోడలుండును; ఆ గోడల నడుమ నీరు నిలుచును. మిల్లులలో ఇంజను ప్రక్కను ఎత్తయిన పీపా యొకటి నిలిపి, దాని అడుగు నుండి యొక గొట్టమును సిలిండరు మొదటికిని, సిలిండరు తల నుండి వేఱొక గొట్టమును పీపా పైభాగమునకును కలుపుదురు. వేడెక్కిన నీరు తేలికయై తనంత తానే పైకి పోవును. చల్లని నీరు దిగువ నుండి వచ్చి దాని చోటు నాక్రమించును. పంపు లేదు, పంకా లేదు. భౌతికశాస్త్రములోని యొక చిన్న సూత్రము రోజంతయు ఊడిగము చేయును. బావిమీది ఇంజనుకు ఈ పీపా సయితము అక్కఱలేదు. పంపు ఎత్తుచున్న నీటి నుండియే సన్నని గొట్టమొకటి చీల్చి, దానిని సిలిండరు గుండ నడిపించి, వెచ్చబడి వచ్చిన ధారను మరల కాలువలోనే విడుతురు. రైతు అప్పుడప్పుడు వచ్చి ఆ సన్నధారలో చేయి పెట్టి చూచును. గోరువెచ్చగా నున్నచో నిశ్చింతగా మడివైపు పోవును. చేయి చుఱ్ఱుమన్నచో ఇంజను నాపును. అంతకు మించిన ఉష్ణమాపకము అతనికి లేదు, దాని అవసరమును కలుగలేదు. ఆ నీరు వృథాయైనదని యెవ్వరును అనలేరు, ఎట్లును పైరుకే పోయినది. ఒక్కటే బాధ. ఈ సీమ బావినీరు ఉప్పులు హెచ్చుగా కలిగినది. ఏండ్లు గడిచినకొలది గోడల నడుమ సున్నపు పొర గట్టిపడి నీటిదారిని మూయును, దారి మూసికొనిన నాడు పిస్టను పట్టుకొనును.

తరువాత విద్యుత్తు వచ్చెను. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి తీగెలు పల్లెలకు ప్రాకినకొలది ఇంజనులు మూలబడి మోటరులు నిలిచెను. బావులు ఎండెను, బోరులు దిగెను, ఆ బోరులలోనికి మోటరులు దిగెను. బోరుమోటరు రచన విచిత్రమైనది. అది సన్నగా, పొడవుగా, ఆఱేడంగుళముల బోరులో పట్టునట్లుండును. లోపలి రాగితీగెల చుట్టు ప్లాస్టికు తొడుగుండును. దించుటకు ముందు మెకానిక్కు దాని కడుపులో మంచినీరు పోసి, గాలిబుడగలన్నియు పోవు వఱకు వేచి, మరలు బిగించును. లోపలి నీరు బేరింగులకు నూనెవలె పనిచేయును, తీగెల వేడిని ఒడలి యుక్కుగోడకు చేర్చును. వెలుపల పంపువైపు ఎగబ్రాకు బోరునీరు ఆ గోడను తడవుచు వేడిని కొనిపోవును. అనగా నీరు తోడు యంత్రమును ఆ తోడుడు నీరే చల్లబఱచుచున్నది. ఈ సొగసులోనే దాని చేటు కలదు. బోరున నీరు జాఱినచో మోటరు పనియు పోవును, దాని చలువయు పోవును; అది వట్టిగా తిరిగి కాలిపోవును. "మోటరు కాలింది" అను రెండు మాటల వెనుక ఈ సీమలో ఎన్ని అప్పులు, ఎన్ని వలసలు నున్నవో లెక్కించినవారు లేరు. 2002లో నీరు, భూమి, చెట్టు చట్టము వచ్చి క్రొత్త బోరులకు అనుమతి కావలయునన్నది. 2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. బోరులు మాత్రము లోతునకే పోయినవి. పట్టణములలో మోటరులకు తీగె చుట్టు దుకాణములకు కరవు సంవత్సరము పనులు హెచ్చిన సంవత్సరము.

పల్లెలకు విద్యుత్తు తీగెలు ప్రాకుచున్న కాలముననే సముద్రముల కావల మఱియొక యంత్రము నీటిని కోరెను. ఐ.బి.యం. సంస్థ 1967లో నాసాకు అందజేసిన సిస్టం 360 మోడల్ 91 అను గణనయంత్రమున నీటిగొట్టములు చట్రములలోనికి పోయినవి. 1980లో ప్రకటించిన 3081లో, అఱచేతిలో పట్టు పింగాణిపలకపై నూఱింటికి పైబడిన చిప్పులను పొదిగి, ఒక్కొక్క చిప్పునకు ఒక్కొక్క స్ప్రింగు ముట్టుకోల నానించి, ఆ కోలల నడుమ హీలియము నింపి, పైన చల్లని నీటిపలకను బిగించిరి. 1985 నాటి క్రే-2లో విద్యుత్తును ప్రసరింపనీయని ద్రవములోనే ఫలకములను ముంచివేసిరి. బోరుమోటరు నెఱిగినవానికి ఇది బొత్తిగా క్రొత్త కాదు. 1990ల నడుమ తక్కువ వేడి గల సీమాస్ చిప్పులు పెద్ద యంత్రములలోనికి వచ్చుటతో నీరు తప్పుకొనెను. వేడి మరల పెరుగగా 2008లో ఐ.బి.యం. తన పవర్ 575లో దానిని తిరిగి పిలిచెను. మన దేశమున, 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన టి.డి.సి. తరగతి యంత్రములు ఇట్టి గొట్టముల జోలికి పోక, చల్లగాలి గదులలో నడచినవి. 1946లో గిండీలో ప్రారంభమై 1948లో అనంతపురమునకు తరలివచ్చిన ఇంజినీరింగు కళాశాల వంటి విద్యాలయములలో చదివినవారికి, పాదరక్షలు వెలుపల విడిచి, తెర తొలగించుకొని, చలిగదిలో అడుగిడి కంప్యూటరును దర్శించిన దినములు జ్ఞాపకముండక పోవు.

ఇంటి కంప్యూటరునకు తొలుత ఈ గొడవ లేదు. 1989 నాటి 486 చిప్పు కొలది వాట్లతో సరిపెట్టుకొనెను. 2004 నాటి పెంటియం 4లో కొన్ని రకములు నూఱు వాట్లు దాటెను. 2022లో వచ్చిన హెచ్చుతరగతి ఇంటెల్ చిప్పు 253 వాట్లను, అదే యేట వచ్చిన ఎన్విడియా 4090 చిత్రఫలకము 450 వాట్లను పీల్చుటకు సిద్ధము. అయిదు గుఱ్ఱముల బోరుమోటరు తనలో వేడిగా పోగొట్టుకొను శక్తి కిలోవాటుకు కొంచెము పైబడి యుండగా, ఈ రెంటి వేడి దానిలో సగమునకు మించిపోయినది. కనుకనే 1990ల చివరి నుండి అమెరికాలోను ఐరోపాలోను కొందఱు ఔత్సాహికులు, పాతకారులోని హీటరు రేడియేటరును, చేపలతొట్టి పంపును తెచ్చి, రాగిదిమ్మెను తొలిచి, తమ చిప్పులకు నీటిదారులు కట్టిరి. ఒకే ఘనపరిమాణమునందు నీరు గాలికంటె మూడువేల రెట్లకు పైగా వేడిని ఇముడ్చుకొనగలదు. ఆ పాత బావిగట్టు రైతు నమ్మినదియు దీనినే.

అట్టి యంత్రమును ఇచ్చట కూర్పదలచినవానికి సామగ్రి చాలవఱకు బెంగళూరు ఎస్.పి. రోడ్డు దుకాణముల నుండియో, సికిందరాబాదు నుండియో, పార్సెలు ద్వారానో రావలయును. గట్టి ప్లాస్టికు గొట్టమును వంచుట ఈ పనిలో అసలైన హస్తకౌశలము. గొట్టము లోపల సిలికోను త్రాడు దూర్చి, వేడిగాలి తుపాకి ముందు నెమ్మదిగా త్రిప్పుచుండగా అది మొదట బిఱుసుగా నుండి, ఒక్క క్షణమున మెత్తబడి చేతికి లొంగును. ఆ క్షణమునకు ముందు వంచినచో ముడుత పడును, తరువాత వంచినచో బుడగలెత్తును. తీగెల పొందికయు అట్టిదే. పూర్వము టెలిఫోను ఎక్స్ఛేంజీలలో మైనపు దారముతో తీగెలను కట్టలు కట్టిన కాలము నుండి ఇది వేఱుగా నొక వృత్తినీతి. 1976 నాటి క్రే-1లో ఏ తీగెయు నాలుగడుగులు మించరాదన్న నియమము కొఱకు యంత్రమునే వలయాకారముగా నిలిపిరి. తీగెలను మదరుబోర్డు పలక వెనుకకు నడిపి, కేబులుటైలతో కట్టి, ముందువైపునకు అవసరమైన చోటనే తలయెత్తనిచ్చుట చూపునకు సొగసు మాత్రమే కాదు; గాలిదారి తెఱచుకొనును, గొట్టము చెమర్చిన చోటు వెంటనే కంటబడును. బోరుకేబులును గొట్టమువెంట జానెడు దూరము వ్రేలాడనీయక కట్టెడి మెకానిక్కును ఎవ్వరును అలంకారప్రియుడనరు గదా.

నీటి విషయమున ఈ నేల మఱింత జాగ్రత్త కోరును. కుళాయినీరుగాని బోరునీరుగాని పోయరాదు. వెండ్రుకవంటి సన్నని రాగిచీలికల నడుమ ఆ సున్నపు పొరయే మరల గట్టిపడును. స్వేదనజలమును, అందు పాచి పట్టకుండను లోహము చెడకుండను చేయు మందును వాడవలయును. రాగిని అల్యూమినియమును ఒక్కదారిలో కలుపరాదు, కలిపినచో రెండవది తినివేయబడును. మదరుబోర్డునకు విద్యుత్తు నీయక పంపును మాత్రమే నడిపి, అతుకులక్రింద తెల్లకాగితములు పఱచి, ఒక రాత్రి పగలు వేచి చూచుట ఆచారము. కాగితముపై చుక్క కనబడనిచో తక్కిన తీగెలు తగిలింతురు. ఇంత చేసినను, రేడియేటరును తాకు గాలికంటె నీరు చల్లబడదు. మే నెలలో గది 40 డిగ్రీలున్నచో గొట్టములోని నీరును అంతకు పైననే యుండును. ఫ్రిజ్జువలె పనిచేయునని తలచి డబ్బు పోయువారికి ఈ మాట ముందుగా చెప్పవలయును. అంతకంటె పెద్ద శత్రువు ధూళి. ఎఱ్ఱనేలల గాలి నెలలోపలనే రేడియేటరు రేకుల నడుమ పేరుకొనును. ముందు జల్లెడ లేనిచో పంకాలు ఎన్నియున్నను ఒక్కటే.

ఈ యంత్రము లోపల తిరుగు నీరు మొత్తము ఒక లీటరుకు అటునిటుగా నుండును. ఏడాదికొకమాఱు మార్చిన చాలును. ఆవిరియింజను మొదలుకొని ఇంతవఱకు ఈ సీమలో నీటిని కోరిన యంత్రములలో దీని వాటా అన్నిటికంటె తక్కువ. అయినను నా అభిప్రాయము దాచుకొనను: లెక్కలకును, ఉత్తరములకును, పాఠములకును కంప్యూటరు వాడువానికి మంచి గాలిపంకా చాలును, చలనచిత్రములు కూర్చువాడును, భారీ గణనలు చేయువాడును, చేతిపనియందు మక్కువ గలవాడును నీటిదారి కట్టవచ్చును. కట్టదలచినవారు మొదట ధూళిజల్లెడను కొనుడు, పిదప స్వేదనజలమును కొనుడు, రంగుదీపముల సంగతి చిట్టచివర చూచుకొనుడు.