రేకుపెట్టెలో మూడు కాగితాలు

మా ఇంట్లో ఒక పాత రేకుపెట్టె ఉంది. అందులో మూడు కాగితాలున్నాయి. ఒకటి డి-పట్టా. రెండోది కాంట్రాక్టరు లైసెన్సు. మూడోది రికవరీ నోటీసు. మూడూ మా నాన్న పేరు మీదే ఉన్నాయి. మా నాన్నకి చదువు రాదు. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు అని బళ్లో పిల్లలకి చెబుతున్నాను కానీ, నాకు తెలిసిన చరిత్ర ఈ మూడు కాగితాల్లోనే ఉంది.

మాది శృంగవరపుకోట దగ్గర పల్లె. ఇక్కడ అందరూ ఎస్.కోట అంటారు. ఊరికి దిగువన, గెడ్డ ఒడ్డున మా మాలపేట. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా మేం విశాఖపట్నం జిల్లావాళ్లం. జిల్లా మారింది గానీ పేట ఉన్న చోటు మారలేదు.

1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలుదారి వేశారు. బైలదిల్లా కొండల్లోని ఇనుపరాయిని విశాఖ రేవుకి దింపి, ఓడల్లో జపానుకి పంపడానికి వేసిన దారి అది. ఎస్.కోట, బొడ్డవర, శివలింగపురం దాటితే ఇక అంతా కొండే, సొరంగాలే. ఆ లైను మీద మా తాత రాయి కొట్టాడు. నానమ్మ తట్ట మోసింది. అదే రోజుల్లో గోస్తనీ మీద తాటిపూడి రిజర్వాయరు కట్టారు. 1963లో మొదలుపెట్టి 1968లో పూర్తిచేశారు. ఇద్దరూ అక్కడా మట్టి మోశారు. ఆ నీళ్లు విశాఖపట్నం తాగుతోంది.

ఎవరి కింద పనిచేశావు తాతా అని అడిగితే మేస్త్రీ పేరు చెప్పేవాడు. మేస్త్రీ మీద పీసువర్కరు, ఆ పైన సబ్ కాంట్రాక్టరు, ఆ పైన అసలు కాంట్రాక్టరు. మా తాతకి తెలిసిన మెట్టు ఒక్కటే. పైనున్నవాళ్లని ఆయన చూడలేదు. వాళ్లూ ఆయన్ని చూడలేదు.

మన్యంలో దీనికి ఇంకా పాత కథ ఉంది. గూడెం తాలూకాలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు రోడ్డు పనికి గిరిజనుల్ని పెట్టి, కూలి సరిగా ఇవ్వకుండా పీడించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనం కదలడానికి ఉన్న కారణాల్లో అదొకటి. సీతారామరాజు గురించి పరీక్షలో ప్రశ్న వస్తుంది. ఆ రోడ్డు మీద రాళ్లు మోసినవాళ్ల గురించి ఏ ప్రశ్నా రాదు.

ఈ సంగతి బాబాసాహెబ్ అప్పుడే పట్టుకున్నాడు. 1942 అక్టోబరులో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో ఆయన ఉద్యోగాల గురించీ చదువుల గురించీ మాత్రమే అడగలేదు. కేంద్ర పనుల శాఖ కాంట్రాక్టుల్లో షెడ్యూల్డు కులాలకు వాటా కావాలని కూడా అడిగాడు. మనం ఉద్యోగాల మాట గుర్తుపెట్టుకున్నాం. కాంట్రాక్టుల మాట మరిచిపోయాం.

మా నాన్న తాపీమేస్త్రీ. పదిహేనేళ్ల వయసులో తట్ట పట్టి, ఇరవై దాటేసరికి తాపీ పట్టాడు. మా చుట్టుపక్కల బడులు, చావిళ్లు, కల్వర్టులు ఆయన చేతిమీద లేచినవి చాలా ఉన్నాయి. గోడ మీద చెయ్యివేసి నిమిరితే ఇసక ఎక్కువైందో సిమెంటు తక్కువైందో చెప్పేవాడు. ఓవర్సీరు కూడా ఆయన్నే అడిగేవాడు. కానీ కొలతలు రాసే ఎం-బుక్కులో మా నాన్న పేరు ఏనాడూ లేదు. పని ఎవరికి ఖరారైందో వాళ్ల పేరే ఉంటుంది. బిల్లు వాళ్లకే వస్తుంది.

2008లో నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా పేటలో డిగ్రీదాకా వెళ్లినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఒకరోజు నాన్న, "మనమే లైసెన్సు తీసుకుంటే ఏటౌద్ది? ఎవుడి కిందో ఎన్నాళ్లు సేస్తాం?" అన్నాడు. నాకు ఒళ్లు పొంగింది. ఫారం నేనే తెచ్చాను.

లైసెన్సుల్లో కూడా మెట్లున్నాయి. అడుగున ఐదో తరగతి. ఆ పైన నాలుగు, మూడు, రెండు, ఒకటి. అన్నిటికన్నా పైన స్పెషల్ క్లాసు. మేం అడిగింది అడుగుమెట్టు. దానికే సాల్వెన్సీ సర్టిఫికెట్టు, చేసిన పనుల సర్టిఫికెట్టు, పాన్ కార్డు, వ్యాట్ నంబరు అడిగారు.

సాల్వెన్సీ అంటే, పని చెడితే రాబట్టుకోడానికి నీకు ఆస్తి ఉందని చూపే కాగితం. మాకు ఎకరం డి-పట్టా ఉంది కదా అని రేకుపెట్టె తీశాం. ఆఫీసులో గుమాస్తా దాన్ని చూసి నవ్వాడు. "ఇది అమ్మడానికి లేదు. అమ్మలేనిదానికి విలువేంటి?" అన్నాడు. 1977లో వచ్చిన అసైన్డు భూముల చట్టం పేదవాడి భూమి పెద్దవాడు కాజేయకుండా అమ్మకాన్ని నిషేధించింది. మంచిదే. ఆ నిషేధం లేకపోతే మా ఎకరం ఎప్పుడో పోయేది. కానీ అమ్మకూడదని చెప్పి భూమి ఇచ్చిందీ సర్కారే. అమ్ముడుపోయే ఆస్తి చూపిస్తేనే లైసెన్సు అన్నదీ సర్కారే. 2023లో చట్టం సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూముల మీద హక్కు ఇస్తామన్నారు. అప్పటికి మా నాన్న తాపీ దించేసి చాలాకాలమైంది.

అనుభవం సంగతీ అంతే. "చేసిన పనులకి రుజువేది?" అన్నారు. "నాను కట్టిన బళ్లోకి రండి, గోడలు సూపిస్తాను" అన్నాడు నాన్న. గోడలు సర్టిఫికెట్లు ఇవ్వవు కదా. మూడు నెలలు తిరిగాం. ఆ మూడు నెలల్లో ఎన్ని రోజుల కూలి పోయిందో అమ్మ లెక్క చెప్పేది.

అప్పుడు సర్పంచి తమ్ముడు కబురంపాడు. పెద్దకులపాయన. అన్న సర్పంచి కాబట్టి పంచాయతీ పనులు తన పేరున తీసుకోకూడదు. "నీ పేరున లైసెన్సు నేను చేయిస్తాను, పెట్టుబడి నాది, పని నీది" అన్నాడు. నాన్న చేతులు కట్టుకుని నిలబడి "మీ దయ బాబూ" అన్నాడు. మూడు నెలలు తిరిగినా రాని కాగితాలు మూడు వారాల్లో వచ్చాయి. లేదన్న అనుభవం కూడా కాగితం మీదికి వచ్చింది.

లైసెన్సుకి వేలిముద్ర బాగోదని నాన్నకి సంతకం నేర్పాను. పలక మీద వారం రోజులు దిద్దించాను. నా మొదటి విద్యార్థి మా నాన్నే. ఆయన సిమెంటు పగుళ్ల వేళ్లతో బలపం పట్టుకుని పేరు రాస్తుంటే అమ్మ గుమ్మంలో కూర్చుని చూసేది.

ఆ సంతకం మొదట పడింది ఒక స్టాంపు కాగితం మీద. పనులు చేయించడానికి, బిల్లులు తీసుకోడానికి సర్పంచి తమ్ముడికి అధికారం ఇస్తున్నట్టు రాసిన కాగితం. ఇంగ్లీషులో ఉంది. "ఏటి రాసుందిరా ఇందల?" అని నాన్న అడిగాడు. నేను చదివినదంతా తెలుగు మీడియం. సగమే అర్థమైంది. నాకు అర్థం కాలేదని ఆ ఇంటి అరుగు మీద, వాళ్లందరి ముందు చెప్పడానికి సిగ్గేసింది. "ఏం పరవాలేదు నాన్నా, పెట్టు" అన్నాను. సాక్షి సంతకం నేనే చేశాను.

తరవాత రెండేళ్లు నాన్న తన పేరున ఉన్న కాంట్రాక్టులో కూలికి పనిచేశాడు. ఒక కాలవ పనిలో సిమెంటు తగ్గించమని ఆయనకే చెప్పారు. "ఇది నిలవదు బాబూ" అన్నాడు. వినలేదు. రెండు వానలకి కాలవ కుంగింది. ఎంక్వయిరీ వచ్చింది. నోటీసు లైసెన్సుదారు పేరున వచ్చింది. బిల్లు తిన్న పేరు ఎక్కడా లేదు. చెడిన పనికి మాత్రం మా నాన్న పేరు రాతలోకి ఎక్కింది. ముప్పై ఏళ్లు కట్టినవి ఒక్కటీ ఎక్కలేదు.

లక్షా ముప్పై వేలు. రెండు గేదెలు, అమ్మ పుస్తెలతాడు పోయాయి. మిగిలింది నేను 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చాక జీతంలోంచి కట్టాను. నాన్న నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఒకేసారి అన్నాడు. "నువ్వు సదివినావు గదా నాయినా, అందుకే నాను పెట్టీసినాను." ఆ మాటకన్నా నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు చట్టాలు వచ్చాయి. కర్ణాటకలో 2017 నుంచి 50 లక్షల లోపు పనుల్లో ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకు రిజర్వేషన్ ఇచ్చారు, 2023లో దాన్ని కోటికి పెంచారు. మన రాష్ట్రంలో 2019లో నామినేషన్ పనుల్లో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు అని చట్టం చేశారు. ఇవి కావాలి, పోరాడి నిలుపుకోవాలి. కానీ నాకో భయం ఉంది. పెట్టుబడి, ఇంగ్లీషు కాగితం, ఆఫీసులో పలుకుబడి అవతలివాడి దగ్గరే ఉంటే రిజర్వేషన్ మన పేరుకి వస్తుంది, డబ్బు వాడి జేబులోకి పోతుంది. మా నాన్న పేరుని అద్దెకి తీసుకున్నట్టే మన కులం పేరునీ అద్దెకి తీసుకుంటారు.

2019 నవంబరులో నాడు-నేడు మొదలైనప్పుడు బడి పనులు కాంట్రాక్టర్లకు కాకుండా తల్లిదండ్రుల కమిటీలకు ఇచ్చారు. మా బడిలో లెక్కల పుస్తకం నాకు అప్పజెప్పారు. నాన్న రోజూ వచ్చి గొంతుక్కూర్చుని మాలు కలపడం చూసేవాడు. ఎవరి లైసెన్సూ అక్కర్లేకుండా మా పేట మేస్త్రీలు ఆ గోడలు కట్టారు. గోడలు ఇప్పటికీ బాగున్నాయి. సర్కారు అడగకపోయినా, వేరే నోటుబుక్కులో ఏ గోడ ఎవరు కట్టారో, ఎన్ని రోజులు కట్టారో పేర్లతో రాసి బడి బీరువాలో పెట్టాను.

ఇది చదివే విద్యార్థులకి ఒక్క మాట. మీ పేటలో మేస్త్రీలుంటారు. వాళ్లు చేసిన పనులు తేదీలతో రాసిపెట్టండి. కాగితం వస్తే పూర్తిగా చదవండి. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పండి. నేను చెప్పలేకపోయాను. మా నాన్నకి సంతకం పెట్టడం నేర్పాను గానీ, పెట్టనని చెప్పడం నేర్పలేదు. అది నాకే రాదు అప్పటికి.