నత్త పేరు తేలితేనే రోగం తేలింది



ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, వరినాట్ల కాలం రాగానే కాళ్ళ దురదతో కూలీలు ఆసుపత్రికి వచ్చేవారు. మోకాళ్ళ కింద ఎర్రని దద్దుర్లు, రాత్రంతా నిద్ర లేదు. "బురద పడలేదు డాక్టరుగారూ" అనేవారు. నేనూ ఆ మాటే నమ్మి పూతమందు రాసి పంపేవాణ్ణి. ఆ నీటిలో ఏ నత్త ఉన్నదో అడగాలని నాకు చాలాకాలం తోచలేదు. ఆ ప్రశ్నకు వైద్యంలో ఎంత విలువ ఉన్నదో తెలియాలంటే ఈజిప్టు చరిత్ర చూడాలి.

1851లో కైరోలోని కస్ర్ అల్ ఐనీ ఆసుపత్రిలో థియోడర్ బిల్హార్జ్ అనే జర్మన్ వైద్యుడు శవపరీక్ష చేస్తూ, కాలేయానికి రక్తం తీసుకుపోయే సిరలో పురుగులను కనుగొన్నాడు. వాటి వలన కలిగే రోగానికే తరువాత బిల్హార్జియా అని పేరు వచ్చింది. అయితే ఒక చిక్కు మిగిలింది. రోగుల మూత్రంలో కనబడే గుడ్లకు చివరన ముల్లు ఉండేది. మలంలో కనబడే గుడ్లకు పక్కన ముల్లు ఉండేది. పురుగు ఒకటేనా, రెండా?

ప్యాట్రిక్ మాన్సన్ 1902లో రెండు ఉండవచ్చునన్నాడు. 1907లో సాంబన్ రెండవదానికి ఆయన పేరు కలిపి షిస్టోసోమా మాన్సోనీ అని నామకరణం చేశాడు. కైరోలో ఉన్న ఆర్థర్ లూస్ దీనిని గట్టిగా ఖండించాడు. పురుగు ఒకటేననీ, నత్తతో పనిలేకుండా దాని డింభకం నీటినుండి నేరుగా మనిషి చర్మంలోకి చొచ్చుకుపోతుందనీ ఆయన వాదం. కొంకిపురుగు చర్మం ద్వారా ప్రవేశిస్తుందని నిరూపించిన మహానుభావుడాయన. అందుచేత ఆయన మాటకు ఎదురు చెప్పడం సులభం కాలేదు.

1913లో జపానులో మియైరి, సుజుకి అనే శాస్త్రవేత్తలు అక్కడి షిస్టోసోమా ఒక నత్తలో పెరుగుతుందని చూపారు. రెండేళ్ళకు, అంటే 1915లో, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, బ్రిటిషు సైన్యాన్ని ఈ రోగం నుండి కాపాడే మార్గం వెదకడానికి రాబర్ట్ లీపర్ ఈజిప్టుకు వెళ్ళాడు. కైరో సమీపంలోని ఎల్ మార్గ్ గ్రామంలో కాలువల నత్తలను ఏరి, జాతులవారీగా వేరుచేసి, వాటినుండి వెలువడే డింభకాలను ప్రయోగశాల జంతువులకు సోకించాడు. బులైనస్ నత్త డింభకాలు సోకిన జంతువులలో చివర ముల్లున్న గుడ్లు కనబడ్డాయి. చుట్ట చుట్టిన బిళ్ళవలె ఉండే ప్లానార్బిస్ నత్త డింభకాలు సోకినవాటిలో పక్క ముల్లున్న గుడ్లు కనబడ్డాయి. నత్తలు రెండు, పురుగులు రెండు, రోగాలూ రెండే! ఒకటి మూత్రాశయాన్ని పట్టి మూత్రంలో రక్తం తెస్తుంది. రెండవది పేగులను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

లీపర్ నాటి నత్తలన్నిటినీ ఒకే గంపలో వేసి ఉంటే ఆ వివాదం మరి కొన్నేళ్ళు సాగి ఉండేది కాదా?

కథ అంతటితో ముగియలేదు. లీపర్ ప్లానార్బిస్ బాయిసియై అని పిలిచిన నత్తను నేడు బయోంఫలేరియా అలెగ్జాండ్రినా అంటారు. ప్రజాతికి బయోంఫలేరియా కంటే పాతపేర్లు ఉన్నా, వైద్యగ్రంథాలలో గందరగోళం రాకూడదని అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం 1965లో ఈ పేరుకే ప్రాధాన్యమిచ్చింది. జంతుశాస్త్ర నియమం సైతం రోగి మేలుకోసం కొంత తలవంచిందన్నమాట.

తరువాత మరో భయం పుట్టింది. అమెరికా ఖండాలలో ఈ రోగాన్ని వ్యాపింపజేసే బయోంఫలేరియా గ్లాబ్రేటా ఈజిప్టు కాలువలలో చేరిందని 1980ల నుండి కొందరు ప్రకటించారు. రెండు నత్తల గుల్లలూ చూపునకు దగ్గరగా ఉంటాయి. 2005లో ప్రచురితమైన డీఎన్ఏ పరిశీలనలో, సేకరించిన నమూనాలలో అలెగ్జాండ్రినా తప్ప గ్లాబ్రేటా కనబడలేదు. కన్ను చెప్పినదాన్ని మరొకసారి సరిచూడాలనే పాఠం ఇది.

ఇక మన సంగతి. మన చెరువులలో, వరిపొలాలలో విరివిగా ఉండే బిళ్ళనత్త ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్. ఇది పశువుల షిస్టోసోమాలను మోస్తుంది. ఆ డింభకాలు మనిషి చర్మంలోకి ప్రవేశించి, అక్కడే చనిపోతూ దురద పుట్టిస్తాయి. నా రోగుల "బురద" బహుశా ఇదే. చిరకాలంగా ఒకే జాతిగా లెక్కించిన ఈ నత్త, నిజానికి పలు జాతుల సముదాయం కావచ్చునని ఇటీవలి డీఎన్ఏ అధ్యయనాలు సూచిస్తున్నాయి. ఇక మనుషులకు సోకే మూత్ర బిల్హార్జియా మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా గిమ్వి గ్రామంలో ఉన్నట్లు 1952లో వెల్లడైంది. అక్కడ రోగవాహకంగా పేర్కొన్నది గొడుగువంటి గుల్లగల మరొక చిన్న నత్త, ఫెర్రిసియా టెన్యుయిస్.

కాబట్టి నత్త కనబడగానే బిల్హార్జియా అని భయపడవద్దు. నత్తేకదా అని నిర్లక్ష్యమూ వద్దు. పొలంనుండి రాగానే కాళ్ళు శుభ్రంగా కడిగి, పొడిబట్టతో గట్టిగా తుడుచుకోండి. ఆఫ్రికా దేశాలలో పనిచేసి వచ్చిన మనవారికి మూత్రంలో గాని మలంలో గాని రక్తం కనబడితే, అక్కడ ఏ చెరువులో, ఏ కాలువలో దిగారో వైద్యునికి తప్పక చెప్పండి. ఆ ఒక్కమాట నిర్ధారణకు దారి చూపుతుంది.

రోగిని అడగవలసిన ప్రశ్న అడగడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మీ వైద్యుడు అడగకపోతే, మీరే చెప్పండి.