కువైట్ గెలుపు రాత్రి మాటలు: మన ఫార్వర్డ్‌ల మీద ఒక వ్యాఖ్యానం

కువైట్‌లో శుక్రవారం సెలవు. 2023 నవంబర్ 16 గురువారం కావడంతో ఆ రాత్రి జాబర్ అల్ అహ్మద్ స్టేడియానికి మనవాళ్లు గుంపులు గుంపులుగా వెళ్లారు. ఆ దేశంలో పది లక్షల దాకా భారతీయులున్నారు. రాయచోటి, రాజంపేట, కడప వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ అక్కడికి పనికి వెళ్లినవాళ్లు వాళ్లలో ఎంతోమంది. 2026 ప్రపంచకప్ క్వాలిఫయర్స్ రెండో రౌండ్‌లో మనకది తొలి మ్యాచ్. ఖతర్, కువైట్, అఫ్గానిస్తాన్, మనం ఒకే గ్రూపు. 75వ నిమిషంలో మన్వీర్ సింగ్ కొట్టిన గోల్‌తో 1-0తో గెలిచాం.

గెలిచిన రాత్రి అభిమానులు ఫార్వర్డ్‌ల గురించి మాట్లాడుకున్నట్టు ఓడిన రాత్రి మాట్లాడుకోరు. ఓడితే ఒక్క మాటతో అందరినీ తిట్టేసి పడుకుంటారు. గెలిస్తే ఒక్కొక్కరినీ తూకం వేస్తారు. ఆ రాత్రి నుంచి వినబడిన మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని, వాటి వెనక ఆటలో ఏముందో చెప్పాలని ఈ ప్రయత్నం. తర్వాత రెండేళ్లలో జరిగింది కూడా మన కళ్లముందే ఉంది కాబట్టి ఏ మాటలో ఎంత బలముందో ఇప్పుడు తేల్చవచ్చు.

"ఏం ఎడంకాలు!"

ఎడమవైపు నుంచి లాలియన్‌జువాలా ఛాంగ్తే క్రాస్ వేశాడు. బాక్సులో ఉన్న మన్వీర్ బంతిని ఆపలేదు, సర్దుకోలేదు. వచ్చినదాన్ని వచ్చినట్టే ఎడంకాలితో గోల్‌లోకి పంపాడు. ఒక్క టచ్ ఎక్కువ తీసుకుని ఉంటే డిఫెండర్ కాలు అడ్డం వచ్చేది. మన ఫార్వర్డ్‌లు ఏళ్ల తరబడి అవకాశాలు పోగొట్టుకుంటున్నది ఆ ఒక్క టచ్ దగ్గరే. బంతి దొరగ్గానే ముందు దాన్ని మచ్చిక చేసుకోవాలని చూస్తారు, ఈలోగా దారి మూసుకుపోతుంది. ఆ రాత్రి మన్వీర్ మూసుకోనివ్వలేదు.

అయితే పొగడ్త అంతా కాలికే వెళ్లడం నాకు నచ్చలేదు. క్రాస్ వచ్చే వేళకు బాక్సులో సరైన చోట ఉండటమే సగం పని. మోహన్ బగాన్‌లో మన్వీర్ ఆడేది కుడి వింగ్‌లో. ఎడమ నుంచి బంతి వస్తున్నప్పుడు కుడి వింగర్ లోపలికి దూరాలి, దూరినచోట డిఫెండర్ కన్నా ముందుండాలి. క్లబ్బులో వారం వారం చేసే పనే కువైట్‌లో గోల్ అయింది. అదృష్టం అన్నవాళ్లూ ఉన్నారు. అలవాటు అనడం న్యాయం.

"గోల్ కొట్టాడు సరే, అసలైన నంబర్ నైన్ మాత్రం కాదు"

అన్ని మాటల్లోకీ బరువైనది ఇదే, ఎక్కువసేపు ఆగాల్సిందీ ఇక్కడే.

నంబర్ నైన్ అంటే నడిమధ్యన, ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మీదే పడి ఆడేవాడు. గోల్‌కి వీపు పెట్టి నిలబడి, వెనకనుంచి డిఫెండర్ నెడుతుంటే బంతిని కాపాడి, తోటివాడు వచ్చేదాకా నిలపాలి. తిరిగే చోటు లేనప్పుడు తిరగాలి. బాక్సులో మూడు నాలుగు అడుగుల స్థలం కోసం తొంభై నిమిషాలూ కొట్లాడాలి. ఈ విద్య శిక్షణ శిబిరంలో పది రోజుల్లో పట్టుబడేది కాదు. ప్రతి వారం నిజమైన మ్యాచ్‌లో, నిజమైన డిఫెండర్ మోచేతి పోటు తింటేనే వస్తుంది.

మరి మన కుర్రాళ్లకు ఆ పోటు తినే అవకాశం ఎక్కడిది? ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైంది. 2024-25 సీజన్ దాకా చూస్తే, అత్యధిక గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్క భారతీయుడికీ దక్కలేదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీనే తీసుకోండి. 2021-22లో టైటిల్ గెలిచిన జట్టు అది, తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకున్నాం. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టింది నైజీరియా స్ట్రయికర్ బార్తొలొమ్యూ ఒగ్బెచె. మైదానంలో నలుగురు విదేశీయులకు అనుమతి ఉంటే ఏ కోచ్ అయినా వాళ్లను నట్టనడుమ వాడుకుంటాడు: ఒకణ్ణి సెంటర్ బ్యాక్‌గా, ఒకరిద్దరిని మధ్యలో, ఒకణ్ణి ముందు. పక్కలు మనవాళ్లకు మిగులుతాయి. కోచ్‌ను తప్పుపట్టలేం. నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడితే పోయేది అతని ఉద్యోగం.

మన్వీర్ కథ అచ్చం ఇదే. ఎఫ్‌సీ గోవాలో అతను స్ట్రయికర్. కానీ అక్కడ మధ్యలో స్పెయిన్‌కు చెందిన ఫెరాన్ కోరోమినాస్ ఉన్నాడు, వరసగా రెండు సీజన్లు గోల్డెన్ బూట్ గెలిచినవాడు. అతని వెనక నిలబడి ఎదురుచూడటమే మన్వీర్‌కు మిగిలింది. 2020లో కోల్‌కతాకు, మోహన్ బగాన్‌కు వెళ్తే అక్కడ ముందు వరసలో ఫిజీ వాడు రాయ్ కృష్ణ. అలా మన్వీర్ కుడి వింగ్‌కు జరిగాడు, అక్కడ బాగా ఆడాడు, అక్కడే స్థిరపడ్డాడు. ఛాంగ్తే, లిస్టన్ కొలాసో, నౌరెం మహేశ్ అందరూ పక్కలనుంచి పరుగెత్తేవాళ్లే. జాతీయ జట్టు కోచ్‌కు నలుగురైదుగురు మంచి వింగర్లు దొరుకుతారు, ఒక్క సెంటర్ ఫార్వర్డ్ దొరకడు. కాబట్టి "అసలైన నైన్ కాదు" అన్న మాట నిజమే, కాకపోతే అది మన్వీర్ మీద వేయాల్సిన నింద కాదు. అతణ్ణి ఆ చోటు నుంచి పక్కకు తోసిన ఏర్పాటు మీద వేయాల్సినది.

"ఛెత్రీకి వయసైపోయింది"

అప్పటికి సునీల్ ఛెత్రీకి 39 ఏళ్లు. 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో పుట్టాడు. తండ్రి సైన్యంలో ఉద్యోగి కావడం వల్ల పెరిగింది మాత్రం ఎక్కడెక్కడో. 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద తొలి మ్యాచ్‌లోనే గోల్ కొట్టినవాడు, కువైట్ చేరేసరికి దేశం తరఫున 93 గోల్స్ కొట్టి ఉన్నాడు. ఆ రాత్రి అతని పేరు మీద గోల్ లేదు కాబట్టి ఈ మాట మళ్లీ లేచింది.

పరుగు తగ్గిన మాట వాస్తవం. వెనక్కి తిరిగి సెంటర్ బ్యాక్‌ను దాటి దూసుకుపోయే రోజులు అతనికి అప్పటికే అయిపోయాయి. కానీ ఛెత్రీ ఎప్పుడూ కాళ్ల వేగం మీద బతికిన స్ట్రయికర్ కాడు. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు, అయినా తలతో కొట్టిన గోల్స్ బోలెడు. కారణం ఒకటే, బంతి ఎక్కడ పడుతుందో డిఫెండర్ కన్నా అరక్షణం ముందు అతనికి తెలుస్తుంది. అతను కిందికి వచ్చి బంతి అందుకుంటుంటే అతని వెంట ఒక డిఫెండర్ కదులుతాడు, ఖాళీ అయిన చోటికి పక్కనుంచి వింగర్లు దూరతారు. గోల్స్ పట్టికలో ఈ పని కనబడదు, ఎవరూ లెక్క రాయరు. ఆ వయసులోనూ అతనికి బదులుగా ఆ పని చేసేవాడు ఇంకొకడు లేడన్నదే నన్ను కలవరపెట్టిన సంగతి. వయసైపోయిందని అన్నవాళ్లు దాని గురించి ఆలోచించి ఉండాల్సింది.

"స్పీడుంది గానీ ఆఖర్న తేలిపోతాడు"

ఛాంగ్తే మీద పాత ఫిర్యాదు. మిజోరంలోని లుంగ్లేయ్ కుర్రాడు, మొదట్లో నిజంగానే ఇలా ఉండేవాడు. లైన్ వెంట అందరినీ దాటి పోయేవాడు, చివర్న క్రాస్ ఎవరికీ కాకుండా పోయేది. ముంబై సిటీకి వెళ్లాక ఆ పరుగు చివర తల ఎత్తి చూడటం అలవడింది. 2023 జూలైలో బెంగళూరు కంఠీరవ స్టేడియంలో దక్షిణాసియా జట్ల శాఫ్ టోర్నీ ఫైనల్ జరిగింది, ప్రత్యర్థి ఇదే కువైట్. అందులో స్కోరు సమం చేసింది ఛాంగ్తేనే, ఆపైన పెనాల్టీల్లో మనం గెలిచాం. నవంబర్‌లో గోల్‌కు క్రాస్ కూడా అతనిదే. క్లబ్బులో ఎక్కువగా కుడివైపు ఆడి ఎడంకాలితో లోపలికి కోసుకు వచ్చే అతను, ఆ క్షణంలో ఎడమవైపు ఉన్నాడు కాబట్టి సహజమైన కాలితోనే బంతి వేయగలిగాడు. ఈ ఫిర్యాదును ఇక వదిలేయవచ్చు.

"పైనుంచే నొక్కారు"

ప్రెస్సింగ్ గురించి ఇలా అంటున్నారంటే మన అభిమానం ఎదిగిందనే లెక్క. ఫార్వర్డ్‌ను గోల్‌తోనే కొలవకుండా, ప్రత్యర్థి డిఫెండర్‌కు ఊపిరాడకుండా చేశాడా అని కూడా చూస్తున్నారు. ఇందులో మనవాళ్లకు లోటు లేదు, పరుగెత్తే ఓపికా కసీ రెండూ ఉన్నాయి. 2025 అక్టోబర్‌లో సింగపూర్‌లో ఓడిపోతున్న మ్యాచ్‌ను 90వ నిమిషంలో రహీం అలీ 1-1 చేసింది ఇలాగే, డిఫెండర్ వెనక్కి ఇచ్చిన బలహీనమైన పాస్ మీదికి దూకి. ఒక జట్టు తప్పు చేసేదాకా కాచుకుని కొట్టడం కూడా విద్యే. అయితే ప్రత్యర్థి తప్పు చేయకపోతే ఏం చేయాలన్నది వేరే విద్య.

"ఒక్క గోలేనా?"

కువైట్ లాంటి జట్టు మీద ఇంకో రెండు పడాల్సిందని నిష్ఠూరం. గెలుపు సంతోషంలో ఉన్నవాళ్లు ఈ మాట అన్నవాళ్లను కసురుకున్నారు. తర్వాత జరిగింది చూస్తే వీళ్లే ముందు పసిగట్టారనాలి.

అయిదు రోజులకు భువనేశ్వర్‌లో ఖతర్ చేతిలో 0-3. జనవరిలో ఆసియా కప్: ఆస్ట్రేలియా మీద 0-2, ఉజ్బెకిస్తాన్ మీద 0-3, సిరియా మీద 0-1. మార్చిలో అఫ్గానిస్తాన్‌తో 0-0. మన్వీర్ ఎడంకాలి తర్వాత వరసగా అయిదు మ్యాచ్‌ల్లో సున్నా. ఆరో మ్యాచ్‌లో గువాహటిలో గోల్ వచ్చింది, అదీ పెనాల్టీ. వేసింది ఛెత్రీ, అది అతని 150వ మ్యాచ్, అయినా అఫ్గానిస్తాన్ 2-1తో గెలిచింది. కోల్‌కతాలో కువైట్‌తో మళ్లీ 0-0. ఆట నడుస్తుండగా గోల్ పడటానికి 2024 జూన్ 11న దోహా దాకా ఆగాల్సి వచ్చింది. ఖతర్ మీద ఛాంగ్తే కొట్టాడు. బంతి లైను దాటి బయటికి పోయినా లెక్కలోకి తీసుకున్న గోల్‌తో అక్కడా అన్యాయం జరిగింది, 1-2తో ఓడి ఇంటికొచ్చాం. ఆ అన్యాయం మీద నా కోపం ఇంకా చల్లారలేదు. కానీ ఎనిమిది మ్యాచ్‌ల్లో రెండే గోల్స్ కొట్టిన జట్టు ఒక రిఫరీ నిర్ణయం మీద బతికే స్థితికి తనంతట తానే వచ్చిందని కూడా ఒప్పుకోవాలి.

"రహీం సాబ్ కాలంలో అయితేనా..."

హైదరాబాద్ పెద్దలు ఎక్కడ కూర్చున్నా ఈ మాట రాక మానదు. వాళ్లకా హక్కుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టుకు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ముందు వరసలో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం. బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టిన ఫార్వర్డ్, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ ముగ్గురూ తమ తమ జట్లలో దాడికి మూలస్తంభాలు, పక్కన నిలబెట్టిన అదనపు ఆటగాళ్లు కారు. దేశానికి ఆడినప్పుడు కొత్తగా నేర్చుకోవాల్సింది లేకపోయింది.

అదే టోర్నీలో జర్నైల్ సింగ్ సంగతి కూడా చెప్పాలి. అతను డిఫెండర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే రహీం అతణ్ణి ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లో గోల్, ఫైనల్లో గోల్. దీన్ని చూపించి "మంచి కోచ్ ఉంటే ఎవణ్ణైనా స్ట్రయికర్ చేయొచ్చు" అంటారు కొందరు. ఒప్పుకోను. అది ఒక మహానుభావుడు ఆపదలో చూపిన తెగువ. దాన్ని పద్ధతిగా పెట్టుకోలేం.

"ఛెత్రీ తర్వాత ఎవరు?"

ఛెత్రీ 2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పాడు. తొమ్మిది నెలలు తిరిగేసరికి అప్పటి కోచ్ మనోలో మార్కెజ్ అడగ్గా వెనక్కి వచ్చాడు. 2025 మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3-0. కువైట్ తర్వాత మనకు దక్కిన తొలి గెలుపు అదే, పదహారు నెలలు పట్టింది. అందులో మూడో గోల్ నలభై ఏళ్ల ఛెత్రీ తలతో కొట్టింది. ఆ సీజన్ లీగ్‌లో 14 గోల్స్‌తో భారతీయుల్లో మొదటి స్థానం కూడా అతనిదే. అభిమానిగా చప్పట్లు కొట్టాను. ఫుట్‌బాల్ గురించి రాసేవాడిగా మాత్రం ఆ 14 చూసి దిగులు కలిగింది.

ఇప్పుడు కొత్త మాట వినిపిస్తోంది, బయట పుట్టిన భారత సంతతి వాళ్లను తెచ్చుకుందామని. ఆస్ట్రేలియాలో పుట్టిన ర్యాన్ విలియమ్స్ ఆ దేశ పాస్‌పోర్టు వదులుకుని మన పౌరసత్వం తీసుకున్నాడు. అతణ్ణి స్వాగతించాల్సిందే, దేశం కోసం పాస్‌పోర్టు వదులుకోవడం చిన్న విషయం కాదు. కానీ అతనూ వింగ్‌లో ఆడగలవాడే, పైగా ముప్పై దాటినవాడు.

ఎవరు అని మనం అడుగుతున్నది మనిషి పేరు కోసం. అడగాల్సింది క్లబ్బులను: ఈ వారం మీ జట్టులో మధ్యన మొదలుపెట్టిన భారతీయుడెవరు, ఎన్ని నిమిషాలు ఆడాడు, వచ్చే వారం మళ్లీ ఆడిస్తారా? ఒక సీజన్‌లో ఓ ఇరవై ఏళ్ల కుర్రాడికి వెయ్యి నిమిషాలు ఆ చోట ఇవ్వండి. అయిదారు మ్యాచ్‌లు గోల్ లేకుండా పోయినా తీసేయకండి. కనీసం రెండు క్లబ్బులు ఈ పని చేసినా నాలుగేళ్లలో జాతీయ జట్టు కోచ్ ముందు ఇద్దరు ముగ్గురు పేర్లుంటాయి, మన్వీర్‌ను కుడి వింగ్‌లోనే ఆడనివ్వవచ్చు.